ఉపాధ్యాయుడు రాస్తేనే విద్యార్థి రాస్తాడు

మన ఇళ్ళలో ఉత్తరం రాయడం ఆగిపోయి ఎన్నేళ్ళయింది? గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు, ఏ ఊరైనా తీసుకోండి. పనికోసం కువైట్‌కో, సౌదీకో వెళ్ళిన కొడుకు నుంచి నెలకొక ఉత్తరం వచ్చిన రోజులు మన పెద్దవాళ్ళకు ఇంకా గుర్తున్నాయి. ఇంట్లో చదివేవారు లేకపోతే తల్లి ఆ కవరు పట్టుకొని మొహల్లాలో చదువుకున్నవారి ఇంటికి వెళ్ళేది. చదివించుకొని, కళ్ళు తుడుచుకొని, జవాబు కూడా వారిచేతనే రాయించేది. తర్వాత ఎస్.టి.డి. బూతులు వచ్చాయి. సెల్‌ఫోన్లు వచ్చాయి. ఇప్పుడు బటన్ నొక్కి గొంతు పంపించేస్తున్నారు.

ఈ సౌకర్యాన్ని ఎవరూ కాదనరు. వేల మైళ్ళ దూరంలో ఉన్న కొడుకు గొంతు తల్లికి రోజూ వినిపించడం గొప్ప నేమత్. కాని దానితోపాటే ఒక అలవాటు మన ఇళ్ళ నుంచి చడీచప్పుడు లేకుండా వెళ్ళిపోయింది. ఉత్తరం రాసే కొడుకు ఏది ముందు చెప్పాలి, ఏది తర్వాత చెప్పాలి, అమ్మ బాధపడుతుందని ఏది దాచాలి అని కాసేపు ఆలోచించుకునేవాడు. రచన అంటే అసలు అదే. కవిత్వాలూ కథలూ తర్వాతి సంగతి.

పదవ తరగతి చదివే పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, "నిన్న సాయంత్రం నీవు ఏం చేశావో పది వాక్యాలు రాయి నాయనా" అని అడిగి చూడండి. "ఇది ఏ లెసన్‌లో ఉంది సార్?" అంటాడు. తెలివితక్కువవాడు కాబట్టి అలా అడగడం లేదు. పదేళ్ళు బడికి వెళ్ళి, వందల పేజీలు రాసి, అందులో తన మాట ఒక్కటీ రాయలేదు కాబట్టి అడుగుతున్నాడు.

మా మదర్సా చదువులో రాతకు మూడు మెట్లు ఉండేవి. మొదటిది నఖల్, అంటే చూచిరాత. చెక్కతో చేసిన తఖ్తీకి మెత్తని మట్టి పూసి, ఎండలో ఆరబెట్టి, రెల్లు కలాన్ని సియాహీలో ముంచి, ఉస్తాద్ రాసిచ్చిన అక్షరాల కిందే మేమూ రాసేవాళ్ళం. సాయంత్రానికి కడిగేసి మళ్ళీ మట్టి పూయడం. రెండవది ఇమ్లా. ఉస్తాద్ చెబుతూ ఉంటే విని రాయాలి. తెలుగు బడిలో దీన్ని ఉక్తలేఖనం అంటారు. మూడవది ఇన్షా. ఒక విషయం ఇస్తారు, దానిమీద సొంతంగా రాయాలి. దీనికి తెలుగు బడిలోని పేరు స్వీయరచన.

నఖల్ చేతిని తిప్పుతుంది. ఇమ్లా చెవికీ చేతికీ మధ్య దారి వేస్తుంది. ఇన్షా ఒక్కటే మనసులోంచి చేతికి దారి తీస్తుంది. మదర్సాలైతేనేం, సర్కారు బడులైతేనేం, కాన్వెంటులైతేనేం, మన పిల్లల్లో చాలామంది మొదటి మెట్టు మీదే నిలబడిపోయారు. బోర్డు మీద ఉన్నది నోట్సులోకి, నోట్సులో ఉన్నది పరీక్ష పేపరులోకి ఎక్కిస్తున్నారు. అంతా నఖలే.

ప్రభుత్వానికి ఈ సంగతి తెలియక కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2012 ప్రాంతంలో వచ్చిన కొత్త తెలుగు వాచకాలలో పాఠం చివర స్వీయరచనకు, సృజనాత్మకతకు ప్రత్యేకంగా చోటిచ్చారు. నిరంతర సమగ్ర మూల్యాంకనం పేరుతో పిల్లల సొంత రాతకు మార్కులు కూడా పెట్టారు. ఉద్దేశం ఎంతో మంచిది. ఏం జరిగింది? స్వీయరచనకు జవాబులు గైడులో అచ్చయ్యాయి. "మీ ఊరి సంత గురించి రాయండి" అన్న ప్రశ్నకు తరగతిలోని నలభై మంది పిల్లలూ ఎన్నడూ చూడని ఒకే సంతను వర్ణించారు! మిర్చియార్డు పక్కనే ఇల్లున్న పిల్లవాడు కూడా గైడులోని సంతకే వెళ్ళివచ్చాడు. ఇంతకంటే శోచనీయం ఏముంటుంది?

తప్పు పిల్లలమీద వేసి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. ముందు మన ఉపాధ్యాయ లోకం సంగతి చూడాలి. పాఠ్యప్రణాళిక రాయాలి, టీచర్ డైరీ రాయాలి, రిజిస్టర్లు నింపాలి. రాసే పని మాకు తక్కువేమీ కాదు. అయితే అందులో ఎంత భాగం మా సొంత మాట? నిరుటి డైరీ చూసి ఈ ఏటి డైరీ, పక్క బడి మాస్టారి ప్రణాళిక చూసి మన ప్రణాళిక. పై అధికారి సంతకం పడితే సరిపోతుంది. ఈ రోజు పాఠం ఎక్కడ తెగిపోయింది, ఏ పిల్లవాడు ఎందుకు దిగాలుగా కూర్చున్నాడు, ఏ మాట చెప్పగానే తరగతి అంతా తల ఎత్తింది అని నాలుగు ముక్కలు తనకోసం రాసుకునే ఉపాధ్యాయుడు వందకు ఎందరు? ఈతరాని మనిషి గట్టున నిలబడి పిల్లలకు ఈత నేర్పించినట్లుంది మన వరస.

అమెరికాలోనూ ఈ ఇబ్బంది ఉండేది. 1974లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో జేమ్స్ గ్రే అనే ఆయన బడిపంతుళ్ళను వేసవి సెలవుల్లో పిలిచి ఒకచోట కూర్చోబెట్టాడు. ఉపన్యాసాలు వినిపించి పంపలేదు. వారిచేత రాయించాడు. రాసింది తోటి ఉపాధ్యాయుల ముందు చదివించాడు. రాత నేర్పేవాడు తాను రాయాలి, ఉపాధ్యాయుడికి ఉపాధ్యాయుడే మంచి గురువు అన్నవి ఆ కార్యక్రమానికి పునాదులు. తర్వాత అది ఆ దేశమంతటా వ్యాపించింది. దానికి కావలసిన సామగ్రి ఒక గది, కొన్ని నోటుపుస్తకాలు. మన మండల కేంద్రాల్లో జరిగే ఉపాధ్యాయుల సమావేశాల్లో ఒక అరగంట ఇందుకు కేటాయించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదనుకుంటాను.

నేను పనిచేసే చోట ఉదయం హాజరు కాగానే పది నిమిషాలు రాత. పిల్లలు రాస్తారు, నేనూ నా నోటుపుస్తకంలో రాస్తాను. ఆ పది నిమిషాలూ బల్లల మధ్య తిరగడం, హాజరుపట్టీ సరిచూసుకోవడం ఉండవు. సమయం కాగానే ముందు నేను రాసింది చదివి వినిపిస్తాను. తర్వాత ఇష్టమైనవారు చదువుతారు. ఇష్టం లేనివారిని అడగను.

మొదటి వారం అందరి పుస్తకాల్లోనూ ఒకే కథ. "ఉదయం లేచాను. పళ్ళు తోముకున్నాను. టిఫిన్ తిన్నాను. బడికి వచ్చాను." విషయం పెద్దదిగా ఉంటే పిల్లలు అలాగే రాస్తారు. అందుకని విషయాన్ని చిన్నది చేయాలి. "ఈ రోజు నిద్ర లేచింది మొదలు నీ చెవిన పడిన ఒకే ఒక్క మాట రాయి. ఎవరన్నారు, ఎందుకన్నారు?" అన్నాను. అప్పుడు కదిలింది బండి. ఒకడు పాలవాడితో నానీ ఆడిన బేరం రాశాడు. మరొకడు ఫజర్ నమాజుకు లేపుతూ తండ్రి వేసిన కేక రాశాడు.

ఒక అమ్మాయి తల్లి మిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళుతుంది. సాయంత్రం ఇంటికి రాగానే ఏడాది బాబు ఆమె మీదకు ఎగబాకుతాడు. ఆమె మాత్రం రెండు చేతులూ వెనక్కి పెట్టుకొని, "తమ్ముణ్ణి తీసుకో" అంటుంది. ఎంత కడిగినా చేతుల మంట పోదు, బాబు కళ్ళకు తగులుతుందని భయం. నూనె రాసుకొని, మళ్ళీ కడుక్కొని, అప్పుడు ఎత్తుకుంటుంది. ఆ అమ్మాయి రాసింది ఆరే వాక్యాలు. గుంటూరు మిర్చి గురించి నేను చాలా వ్యాసాలు చదివాను. ఎగుమతి లెక్కలు, రకాలు, ధరలు, తేజ ఎంత, తాలుకాయ ఎంత అని అన్నీ ఉంటాయి. వెనక్కి పెట్టుకున్న ఆ చేతులు ఏ వ్యాసంలోనూ కనబడలేదు.

ఇక తప్పుల సంగతి. మన ఉపాధ్యాయులకు ఎర్రసిరా మీద ఉన్న ప్రేమ అందరికీ తెలిసిందే. రోజువారీ రాతలో మాత్రం ఎర్రసిరాను పక్కన పెట్టాలి. వారానికి ఒక్క రోజు, ఆ పిల్లవాడే ఎంచుకున్న ఒక్క పేజీలో తప్పులు దిద్దితే చాలు. అదైనా అన్నీ ఒకేసారి కాదు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు తెలుగు రాసేటప్పుడు "పళ్ళెం" "పల్లెం" అవుతుంది. అంకెలూ వారాలూ సరిగానే రాస్తారు, ళకారం దగ్గరా ణకారం దగ్గరా తడబడతారు. తెలుగు మాట్లాడే పిల్లలు ఉర్దూ రాసేటప్పుడు సే, సీన్, స్వాద్ మూడూ వారి చెవికి ఒక్కటే. జాల్, జే, జ్వాద్, జోయ్ నాలుగూ ఒక్కటే. ఇవి తెలివికి సంబంధించిన తప్పులు కావు, చెవికి సంబంధించినవి. ఒక వారం ఒక అక్షరం పట్టుకుంటే ఏడాదిలో చాలావరకు సర్దుకుంటాయి.

ఏ భాషలో రాయాలన్నది మన కుటుంబాలకు పెద్ద చిక్కు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు, మదర్సాలో అరబీ. దూదేకుల సోదరుల ఇళ్ళలో తెలుగే తల్లిభాష. ఇన్ని భాషల మధ్య పెరిగే పిల్లలు నాలుగింటిలోనూ మాట్లాడేస్తారు, ఏ ఒక్కదానిలోనూ ఒక పేజీ నిండా రాయలేరు. నా అభిప్రాయం ఏమిటంటే, పిల్లవాడు ఏ భాషలో అలిగితే ఆ భాషలో మొదలుపెట్టనివ్వాలి. దక్కనీ మాటను తెలుగు లిపిలో రాసినా ఫరవాలేదు. "నక్కో" అన్న మాటను "వద్దు" అని దిద్దనక్కర్లేదు. వాక్యం కట్టడం ఒక భాషలో వచ్చిందంటే రెండవ భాషకు ఆ నేర్పు తప్పక అందుతుంది. లిపి సంగతి మాత్రం తల్లిదండ్రులు మరచిపోకూడదు. ఎన్నో ఇళ్ళలో తాతగారి ఉత్తరాలు, పిల్లల పుట్టినరోజులు రాసిపెట్టిన పాత కాగితాలు ఉర్దూలో ట్రంకుపెట్టెల అడుగున ఉన్నాయి. మనవలు వాటిని విప్పి చూసి, ఏదో దువా అనుకొని, కళ్ళకద్దుకొని మళ్ళీ పెట్టేస్తున్నారు. అందులో ఉన్నది అప్పుల లెక్క కూడా కావచ్చు!

అప్పు మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ ఏదో తెలుసా? బఖరా సూరాలోని 282వ ఆయత్. అది గడువు పెట్టి ఇచ్చిపుచ్చుకునే అప్పును రాసిపెట్టుకోమని చెప్పేది. మన బంధువర్గంలో, "అన్నదమ్ముల మధ్య కాగితమెందుకు?" అనుకొని ఇచ్చిన డబ్బు గురించి ఎన్ని గొడవలు చూడలేదు! పల్నాడులో నోటిమాట మీద పొలం కౌలుకు తీసుకొని మిరప వేసే రైతు సంగతీ అంతే. కౌలుదారుకు హక్కు పత్రం ఇవ్వడానికి 2019లో చట్టం వచ్చినా, యజమాని సమ్మతి కాగితం మీద లేకపోతే బ్యాంకు ముందు అతను నిలబడలేడు. బద్ర్ యుద్ధం (క్రీ.శ. 624) తర్వాత పరిహారం చెల్లించలేని ఖైదీలలో చదువు వచ్చినవారిని ఒక్కొక్కరు పదిమంది మదీనా పిల్లలకు రాయడం నేర్పి విడుదల పొందమన్నారు దైవప్రవక్త ముహమ్మద్ (స). శత్రువు చేతనైనా సరే పిల్లలకు రాత నేర్పించిన ఉమ్మత్‌లో ఈనాడు తన దరఖాస్తు తాను రాసుకోలేక మీసేవ కేంద్రం ముందు ఎవరినో బతిమాలే యువకులు ఉండడం ఏమిటి?

రోజూ కొంచెం రాయడంలో ఉన్న బలానికి ఉదాహరణ మన జిల్లా కవి ద్వారానే తెలుసుకోవచ్చు. గుర్రం జాషువా 1895లో వినుకొండలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉంది. ఆయన బడిపంతులు. గుంటూరులోని ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలోనూ పనిచేశారు. కులం పేరుతో అడుగడుగునా అవమానాలు పడిన ఆ ఉపాధ్యాయుడు 1932లో వెలువరించిన కావ్యం పేరు "ఫిరదౌసి". వెయ్యేళ్ళ కిందటి పారసీక ముస్లిం కవి దుఃఖం వినుకొండ పంతులుకు తన దుఃఖంలా తోచిందన్నమాట. ఆ ఫిరదౌసి "షాహ్‌నామా"ను క్రీ.శ. 1010లో ముగించాడు. అందులో సుమారు 50 వేల బైత్‌లు ఉన్నాయి. రాయడానికి ముప్పయి ఏళ్ళకు పైగా పట్టిందని ప్రసిద్ధి. లెక్క వేయండి. రోజుకు ఐదు బైత్‌లు కూడా పడవు! ఒక రోజున కూర్చొని ఐదు బైత్‌లు రాయడం సామాన్య కవికి కూడా సాధ్యమే. ముప్పయి ఏళ్ళు మానకుండా కూర్చోవడమే కష్టం.

ఇమామ్ తబరీ నలభై ఏళ్ళపాటు రోజుకు నలభై పుటల చొప్పున రాశారని పాత గ్రంథాలు చెబుతాయి. అంకె గుండ్రంగా ఉండడం చూస్తే శిష్యుల అభిమానం కూడా కొంత కలిసిందేమోననిపిస్తుంది. అలాంటి లెక్కలు పిల్లలకు చెప్పి బెదరగొట్టడం కన్నా మౌలానా ఆజాద్ సంగతి చెప్పడం మేలు. 1942 ఆగస్టులో ఆయనను అహ్మద్‌నగర్ కోటలో నిర్బంధించారు. అక్కడ తెల్లవారుజామున అందరికన్నా ముందు లేచి, తన చేత్తో తాను చాయ్ కాచుకొని, మిత్రుడు హబీబుర్రహ్మాన్ ఖాన్ షేర్వానీకి ఉత్తరాలు రాసేవారు. వాటిని పోస్టు చేసే వీలు లేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అయినా రాశారు. చరిత్ర, సంగీతం, పిచ్చుకలు, చాయ్ రుచి, అన్నీ అందులోకి వచ్చాయి. విడుదలైన తర్వాత 1946లో "గుబారె ఖాతిర్" పేరుతో అచ్చయిన ఆ ఉత్తరాలు ఉర్దూ వచనంలో మేటి గ్రంథాలలో ఒకటిగా నిలిచాయి. స్వతంత్ర భారతదేశపు తొలి విద్యామంత్రి ఆయనే కావడం గమనార్హం.

ఎవరో ఒకరు కూర్చొని రాయకపోతే ఏం పోతుందో తెలియడానికి మన పక్క ఊరే చాలు. తాడికొండ దగ్గరి పొన్నెకల్లులో 1920లో పేద దూదేకుల ఇంట్లో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథను ఆంధ్రదేశమంతా ఊరేగించారు. 1986లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన చెబుతూ ఉంటే అంగడాల వెంకటరమణమూర్తి రాయగా "పింజారి" అనే ఆత్మకథ తయారైంది. 1997లో నాజర్ మరణించారు. ఆ పుస్తకం లేకపోతే పొన్నెకల్లు పిల్లవాడు పడిన ఆకలి, నేర్చిన హార్మోనియం, తిన్న దెబ్బలు ఆయనతోపాటే ఖబరస్తాన్‌కు వెళ్ళిపోయేవి. ఖాదర్ మొహియుద్దీన్ "పుట్టుమచ్చ" (1991), స్కైబాబ సంపాదకత్వంలోని "జల్‌జలా" (1998), ఖదీర్‌బాబు "దర్గామిట్ట కతలు", వేంపల్లె షరీఫ్ "జుమ్మా" వచ్చేదాకా తెలుగు పాఠకులకు మన ఇళ్ళలోపలి సంగతులు ఎంత తెలుసు? మన గురించి ఇతరులు రాసినది తప్పని గింజుకోవడం కన్నా మనం రాయడం మంచిది కదా.

ఈ అలవాటులో ఒక బరువైన బాధ్యత ఉందని ఉపాధ్యాయ సోదరులకు ముందే చెప్పాలి. పిల్లలు నిజం రాయడం మొదలుపెట్టాక అన్నీ తీపి కబుర్లే రావు. నాన్న తాగి వచ్చాడని రాస్తారు. అక్క పెళ్ళికి చేసిన అప్పు గురించి రాస్తారు. ఆ పుస్తకం మన చేతిలో అమానత్. స్టాఫ్ రూములో చదివి నవ్వుకోవడం, తల్లిదండ్రుల సమావేశంలో బయటపెట్టడం ఖియానత్ కిందికి వస్తుంది. ఒక్కసారి అలా జరిగిందంటే తరగతి మొత్తం మళ్ళీ పళ్ళు తోముకోవడం దగ్గరికి వెళ్ళిపోతుంది. అయితే దెబ్బల గురించో, చదువు మాన్పించి పెళ్ళి చేయబోతున్నారనో ఆడపిల్ల రాస్తే చదివి మూసిపెట్టడానికి వీలులేదు. ఆ పిల్లతో ఒంటరిగా కాక, నమ్మకస్తురాలైన ఉపాధ్యాయినిని కూర్చోబెట్టి మాట్లాడాలి. అవసరమైతే 1098కి ఫోన్ చేయాలి. పేజీ మాత్రం ఎవరికీ చూపనక్కర్లేదు.

"సిలబస్ ఎప్పుడు పూర్తి చేస్తారు?" అని అడిగే తల్లిదండ్రులు ఉంటారు. వారి ఆందోళన న్యాయమైనదే. రోజుకు పది నిమిషాలు అంటే నెలకు నాలుగు గంటలు. సొంతంగా నాలుగు వాక్యాలు కట్టగలిగిన పిల్లవాడు సాంఘికశాస్త్రం జవాబు బట్టీ పట్టడంలో అంతకన్నా ఎక్కువ సమయమే మిగుల్చుకుంటాడు. వారు ఇంట్లో చేయగలిగింది కూడా ఉంది. ఇషా తర్వాత టీవీ, ఫోను కట్టేసి తండ్రి ఆ రోజు ఖర్చు పద్దు రాసుకుంటూ కూర్చుంటే పక్కన పిల్లవాడు కూడా కూర్చుంటాడు. చదువు రాని తల్లి చెబుతూ ఉంటే కూతురు రాయవచ్చు.

పత్తి తీతలకు, మిరప కోతలకు తల్లిదండ్రులతోపాటు వెళ్ళే పిల్లలు ఏటా వారాల తరబడి బడికి రారు. తిరిగి వచ్చేసరికి పాఠాలు దాటిపోతాయి, సిగ్గుతో కొందరు అసలే మానేస్తారు. వెళ్ళేముందు వారి చేతికి జేబులో పట్టే చిన్న పుస్తకం ఇచ్చి, రోజుకు రెండు వాక్యాలు చాలని చెబుతున్నాం. ఎంత తీశారు, ఎంత కూలి వచ్చింది, గుడారంలో ఏం వండుకున్నారు, ఏదైనా సరే. కొందరు ఖాళీగా తెచ్చారు, ఒకడు పుస్తకమే పోగొట్టుకున్నాడు. మిగిలినవారు తిరిగి వచ్చిన రోజున తరగతికి చదివి వినిపించడానికి తమ దగ్గర ఏదో ఉందన్న ధీమాతో వచ్చారు.

దసరా సెలవులకు ఇచ్చిన పని వేరు. ఇంట్లో అందరికన్నా పెద్దవారి పక్కన కూర్చొని వారు చెప్పింది వారి మాటల్లోనే రాసుకురమ్మన్నాం. ఒక ఎనిమిదో తరగతి పిల్లవాడి నానీది నిజాంపట్నం వైపు ఊరు. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి ఆమె కొత్త పెళ్ళికూతురు. వాడు మొదట "పెద్ద తుఫాను వచ్చింది, చాలామంది చనిపోయారు" అని రాసి చదివి వినిపించాడు. ఆమె ఒప్పుకోలేదు. ముందు గాలి గురించి రాయమంది. తర్వాత నీళ్ళు ఏ వాకిట్లోంచి వచ్చాయో, ఎవరు ఎవరి చెయ్యి పట్టుకున్నారో, ఎవరి చెయ్యి జారిందో వరుసగా చెప్పింది. జారిన చెయ్యి ఆమె చెల్లెలిది. ఆ పేరు వాడి తల్లికి కూడా అంతవరకు తెలియదట. వాడు తెచ్చిన పుస్తకంలో ఐదు పేజీలు, నిండా కొట్టివేతలు. చెల్లెలి పేరు తెలుగులో ఒకసారి, కింద ఉర్దూలో ఒకసారి రాసి ఉంది. ఉర్దూలో ఆ పేరుకు సీనా, స్వాదా అని నన్ను అడగడానికే వాడు సెలవులు అయిపోకముందే మా ఇంటికి వచ్చాడు.